నాడీ ప్రసారకాలు, వాటి గ్రాహకాలు: తరచుగా అడిగే ప్రశ్నలు

గ్రాహకం అంటే ఏమిటి? అది ఎక్కడ ఉంటుంది?

రెండు నాడీకణాలు కలిసే చోటును నాడీకణ సంధి అంటారు గాని, మన శరీరంలోని చాలా సంధులలో ఆ రెండు కణాలూ ఒకదానినొకటి తాకవు. నడుమ సుమారు 20 నానోమీటర్ల సందు ఉంటుంది. మొదటి కణం వెంట వచ్చిన విద్యుత్ సంకేతం ఆ సందును దాటలేదు. సంకేతం కణం కొసకు చేరగానే అక్కడి కాల్షియం ద్వారాలు తెరుచుకుంటాయి. లోనికి వచ్చిన కాల్షియం ప్రభావంతో, ప్రసారక రసాయనం నిండిన చిన్న చిన్న తిత్తులు కణత్వచంతో కలిసిపోయి తమలోని సరుకును సందులోకి వదులుతాయి. కండరాన్ని కదిలించే నాడి కొసలో ఇటువంటి ఒక్కొక్క తిత్తిలో 5,000 నుంచి 10,000 దాకా ఎసిటైల్‌కోలిన్ అణువులు ఉంటాయి. అవతలి కణం పొరలో ఉండి ఈ అణువులను పట్టుకొని, ఆ సంగతిని కణం లోపలికి తెలియజేసే ప్రోటీనే గ్రాహకం. గ్రాహకాలు అవతలి కణం మీదనే ఉంటాయనుకోవడం పొరపాటు. ప్రసారకాన్ని వదిలిన కణం మీద కూడా కొన్ని ఉంటాయి, అవి తరువాతి విడుదలను తగ్గిస్తాయి.

పాఠ్యపుస్తకాలలో కనిపించే తాళం, తాళంచెవి పోలిక సగమే సరిపోతుంది. ఒకే ప్రసారకం పలు రకాల గ్రాహకాలకు పడుతుంది. ఒక్కొక్క చోట ఒక్కొక్క గది తెరుచుకుంటుంది. ఈ అంశంలో అన్నిటికన్నా ముఖ్యమైనది ఆ రెండవ సగమే.

డోపమైన్ సంతోషాన్నిచ్చే రసాయనం, సెరటోనిన్ ప్రశాంతతనిచ్చే రసాయనం అంటారు. నిజమేనా?

ఈ మాట ఎంత ప్రచారంలో ఉన్నా సరైనది కాదు. ప్రసారకానికి తనదంటూ ఒక అర్థం లేదు. అది తలుపు తట్టిన చప్పుడు వంటిది. ఏ జవాబు వస్తుందన్నది లోపల ఉన్నవారిని బట్టి ఉంటుంది. ఎసిటైల్‌కోలిన్ చేతి కండరాన్ని తాకితే కండరం బిగుస్తుంది, అదే ఎసిటైల్‌కోలిన్ గుండెను తాకితే గుండె వేగం తగ్గుతుంది. రెండు చోట్లా అణువు ఒక్కటే, గ్రాహకాలు వేరు.

డోపమైన్‌కు మనిషిలో డి1 నుంచి డి5 వరకు ఐదు గ్రాహకాలున్నాయి. వీటిలో డి1, డి5 కణంలోని సైక్లిక్ ఎఎంపి అనే అంతర సందేశవాహకాన్ని పెంచుతాయి, మిగిలిన మూడూ తగ్గిస్తాయి. అంటే ఒకే డోపమైన్ ఒక కణాన్ని ఉత్సాహపరుస్తూనే పక్క కణాన్ని అణచవచ్చు. కదలికలను నియంత్రించే మెదడు భాగంలో అది ఒక పని చేస్తుంది. పిట్యూటరీ గ్రంథిలో పాల ఉత్పత్తికి సంబంధించిన ప్రొలాక్టిన్‌ను అదుపులో ఉంచుతుంది. ఇందులో సంతోషం ప్రసక్తి ఎక్కడ? సెరటోనిన్ విషయానికి వస్తే, శరీరంలోని సెరటోనిన్‌లో అత్యధిక భాగం మెదడులో కాక పేగులలో ఉంటుంది. దాని గ్రాహకాలు ఏడు కుటుంబాలు. వాటిలో 5-హెచ్‌టి3 అనేది వాంతికి దారితీసే మార్గంలో ఉంది. క్యాన్సర్ మందుల వల్ల వచ్చే వాంతులను ఆపడానికి ఇచ్చే ఆన్‌డాన్‌సెట్రాన్ ఈ గ్రాహకాన్నే మూసివేస్తుంది.

గ్రాహకాలలో ఎన్ని రకాలున్నాయి?

పేర్లను లెక్కపెడితే చాలా ఉన్నాయి గాని, పనిచేసే తీరును బట్టి ప్రధానమైనవి రెండే.

మొదటి రకంలో గ్రాహకమే ద్వారం కూడా. కండరం మీద ఉండే నికోటినిక్ ఎసిటైల్‌కోలిన్ గ్రాహకం ఇందుకు మంచి ఉదాహరణ. ఐదు ప్రోటీన్ ముక్కలు వలయంగా నిలబడి, నడుమ ఒక సన్నని సొరంగాన్ని ఏర్పరుస్తాయి. రెండు చోట్ల రెండు ఎసిటైల్‌కోలిన్ అణువులు వచ్చి కూర్చోగానే ఆ ముక్కలు కొద్దిగా మెలితిరిగి సొరంగం తెరుచుకుంటుంది, సుమారు ఒక మిల్లీసెకను పాటు సోడియం అయాన్లు వేల సంఖ్యలో లోపలికి దూసుకుపోతాయి. కణం లోపలి విద్యుత్ స్థితి మారి కండరం స్పందిస్తుంది. ఇదే నిర్మాణం ఉండి, గాబా అనే ప్రసారకాన్ని పట్టుకొనే గాబా-ఎ గ్రాహకం సోడియానికి బదులు క్లోరైడ్‌ను లోపలికి పంపుతుంది కనుక సాధారణంగా కణాన్ని శాంతింపజేస్తుంది. కన్ను ఆర్పడం, వేడి గిన్నె నుంచి చేయి వెనక్కు లాక్కోవడం వంటి పనులకు ఈ వేగం కావాలి.

రెండవ రకం గ్రాహకానికి సొరంగం ఉండదు. ఒకే పొడవైన ప్రోటీన్ గొలుసు కణత్వచాన్ని ఏడు సార్లు దాటుతూ కుట్టినట్టు ఉంటుంది. బయట ప్రసారకం తగలగానే దాని లోపలి కొస ఆకారం మార్చుకొని, అక్కడ వేచి ఉన్న జి-ప్రోటీన్‌ను మేల్కొలుపుతుంది. ఆ ప్రోటీన్ ఎంజైములను నడిపించవచ్చు, ఆపవచ్చు, వేరే చోట ఉన్న అయాన్ ద్వారాలను తెరవవచ్చు. గుండెలో ఎసిటైల్‌కోలిన్‌ను పట్టుకొనే ఎం2 గ్రాహకం చేసేది ఈ చివరి పనే. అది పొటాషియం ద్వారాలను తెరిపించి గుండె లయను నెమ్మది చేస్తుంది. ఈ మార్గం ఆలస్యంగా మొదలై, సెకన్లు, ఒక్కోసారి నిమిషాలు కొనసాగుతుంది. ఒక గ్రాహకం అనేక జి-ప్రోటీన్లను మేల్కొలపగలదు కనుక చిన్న సంకేతం లోపలికి వెళ్లేసరికి పెద్దదవుతుంది. మానవ జన్యువులలో ఈ కుటుంబానికి చెందినవి సుమారు 800 ఉన్నాయి. వాసన, చూపు కూడా వీటి మీదనే ఆధారపడి ఉన్నాయి. జి-ప్రోటీన్లను కనుగొన్నందుకు గిల్మన్, రోడ్‌బెల్‌లకు 1994లో, ఈ గ్రాహకాల పని తీరును వివరించినందుకు లెఫ్‌కోవిట్జ్, కోబిల్కాలకు 2012లో నోబెల్ బహుమతులు వచ్చాయి.

కంటికి కనిపించని ఈ గ్రాహకాలు ఉన్నాయని ఎలా తెలిసింది?

చూసి కాక, తర్కించి తెలుసుకున్నారు. కేంబ్రిడ్జిలో జాన్ లాంగ్లీ నికోటిన్‌ను కండరం మీద వేస్తే కండరం బిగుసుకోవడం గమనించాడు. నాడిని తెంచివేసి, అది పూర్తిగా క్షీణించిన తరువాత కూడా నికోటిన్ పనిచేసింది. కాబట్టి అది పనిచేసేది నాడి మీద కాదు. క్యురారే అనే బాణాల విషం ముందుగా ఇస్తే నికోటిన్ పనిచేయలేదు, కాని విద్యుత్తుతో నేరుగా తాకిస్తే కండరం యథాప్రకారం బిగుసుకుంది. కాబట్టి విషం కండరపు బలాన్ని దెబ్బతీయడం లేదు. ఈ రెండింటి నడుమ, కండరం ఉపరితలం మీద ఏదో ఒక స్వీకరించే పదార్థం ఉండాలని 1905లో ఆయన ప్రతిపాదించాడు. విజ్ఞానశాస్త్ర చరిత్రలో ఇంత తక్కువ పరికరాలతో ఇంత దూరం వెళ్లిన ఆలోచనలు అరుదు.

సంకేతం రసాయన రూపంలో వెళుతుందని 1921లో ఒట్టో లోవి రెండు కప్ప గుండెలతో నిరూపించాడు: ఒక గుండెకు వెళ్లే వేగస్ నాడిని ఉత్తేజపరిచి, ఆ గుండెను తడిపిన ద్రవాన్ని రెండవ గుండెకు అందించగా అది కూడా నెమ్మదించింది. ఆయనకు, హెన్రీ డేల్‌కు 1936లో నోబెల్ బహుమతి లభించింది. ఒక్క అయాన్ ద్వారం తెరుచుకోవడాన్ని, మూసుకోవడాన్ని విద్యుత్ గీతగా చూడడం 1976లో నేహర్, సాక్‌మన్‌ల పద్ధతితో సాధ్యమైంది.

పని పూర్తయ్యాక ప్రసారకం ఏమవుతుంది?

దాన్ని వెంటనే తొలగించకపోతే తరువాతి సంకేతానికి చోటుండదు. గ్లూటమేట్, డోపమైన్, సెరటోనిన్ వంటి వాటిని పక్క కణాలో, వదిలిన కణమో తిరిగి లోపలికి పీల్చుకుంటాయి. ఎసిటైల్‌కోలిన్‌ను మాత్రం సందులోనే ఉండే ఎసిటైల్‌కోలినెస్టరేజ్ అనే ఎంజైము క్షణంలో ముక్కలు చేస్తుంది. ఈ ఎంజైము ఆగిపోతే ఏమవుతుందన్నది మన పల్లెలకు దగ్గరలో ఉన్న ఆసుపత్రులకు బాగా తెలిసిన విషయమే.

పురుగుమందు మింగిన వ్యక్తికి అట్రోపిన్ అంతగా ఎక్కించినా, వెంటిలేటర్ ఎందుకు అవసరమవుతుంది?

ఒకే ప్రసారకానికి రెండు జాతుల గ్రాహకాలుండడమే దీనికి కారణం. మోనోక్రోటోఫాస్, క్లోర్‌పైరిఫాస్ వంటి ఆర్గానోఫాస్ఫేట్ మందులు పైన చెప్పిన ఎంజైమును పట్టుకొని పనిచేయనివ్వవు. ఎసిటైల్‌కోలిన్ తాను పనిచేసే ప్రతి సంధిలోనూ పేరుకుపోతుంది. గ్రంథులు, ఊపిరితిత్తుల గొట్టాలు, గుండె, పేగుల మీద మస్కారినిక్ గ్రాహకాలు ఉంటాయి; అవి అతిగా ఉత్తేజితమైతే నోటి వెంట నురగ, కన్నీరు, చెమట, విరేచనాలు, ఊపిరితిత్తులలో నీరు, సూదిమొనంత కంటిపాప, నెమ్మదించిన గుండె కనిపిస్తాయి. అట్రోపిన్ ఈ మస్కారినిక్ గ్రాహకాలలో కూర్చొని ఎసిటైల్‌కోలిన్‌ను రానివ్వదు. గ్రాహకం కోసం రెండూ పోటీపడుతున్నాయి కనుక, ఎసిటైల్‌కోలిన్ ఎంత ఎక్కువగా ఉంటే అట్రోపిన్ అంత ఎక్కువగా కావాలి. ఛాతీలో గురగుర తగ్గి, గుండె వేగం పుంజుకొనే దాకా వైద్యులు మోతాదును నిమిషాల వ్యవధిలో రెట్టింపు చేస్తూ పోవడానికి కారణం ఇదే.

కాని శ్వాస తీసే కండరాల మీద ఉన్నవి నికోటినిక్ గ్రాహకాలు. వాటి జోలికి అట్రోపిన్ పోదు. అక్కడ ఎసిటైల్‌కోలిన్ వరదకు మొదట కండరాలు అదురుతాయి, ఆ తరువాత గ్రాహకాలు స్పందించడం మానివేసి కండరాలు చచ్చుబడతాయి. మొదటి గండం గడిచిందనుకున్న రోగికి ఒకటి నుంచి నాలుగు రోజుల లోపల మెడ ఎత్తలేని నీరసం, ఆపై శ్వాస ఆగడం సంభవించవచ్చు. మెడ ఎత్తలేకపోవడం అనే ఈ లక్షణాన్ని నీరసమని కొట్టిపారేయకుండా వెంటనే వైద్యులకు చెప్పాలని పక్కన ఉండే బంధువులు గుర్తుంచుకోవాలి. ఎంజైము నుంచి విషాన్ని విడదీయడానికి ప్రాలిడాక్సిమ్ అనే మందు ఉంది. ఆ బంధం గట్టిపడిన తరువాత అది పనిచేయదు, దాని ప్రయోజనం ఎంత అన్న విషయంలో వైద్యుల నడుమ ఏకాభిప్రాయమూ లేదు.

ఉమ్మెత్త కాయ తింటే మతి చలిస్తుందంటారు. దానికీ దీనికీ సంబంధముందా?

ఉంది. ఉమ్మెత్తలో అట్రోపిన్, స్కోపలమైన్ జాతి పదార్థాలే ఉంటాయి. మస్కారినిక్ గ్రాహకాలు మూసుకుపోవడం వల్ల నోరు ఎండుతుంది, కంటిపాపలు విచ్చుకుంటాయి, గుండె దడదడలాడుతుంది, మూత్రం బిగుస్తుంది. మెదడులోని గ్రాహకాలూ మూసుకుపోయినందున లేనివి కనిపించి, పొంతన లేని మాటలు వస్తాయి. పురుగుమందు లక్షణాల పట్టికను తలకిందులు చేస్తే వచ్చేది ఇదే.

నాగుపాము కాటుకూ కట్లపాము కాటుకూ తేడా ఏమిటి? రెండూ కండరాలను చచ్చుబరుస్తాయి కదా?

నాగుపాము విషంలోని చిన్న ప్రోటీన్లు కండరం మీది నికోటినిక్ గ్రాహకాలలో, ఎసిటైల్‌కోలిన్ కూర్చోవలసిన చోటనే తిష్ఠ వేస్తాయి. నాడి సంకేతం పంపుతూనే ఉంటుంది, అందుకొనేవారుండరు. కట్లపాము విషం ప్రధానంగా నాడి కొసల మీద దాడి చేసి, తిత్తులున్న ఆ భాగాన్నే పాడుచేస్తుంది, పంపేవారే ఉండరు. నాగుపాము కాటులో ఎసిటైల్‌కోలిన్‌ను ఎక్కువసేపు నిలిపే నియోస్టిగ్మిన్ ఇస్తే విషంతో పోటీ సాగి కనురెప్పలు లేవవచ్చు. కట్లపాము కాటులో నాడి కొసలు మళ్లీ పెరిగే దాకా, అంటే రోజుల తరబడి, కొందరిలో వారాల తరబడి కృత్రిమ శ్వాస మీద ఉంచవలసి వస్తుంది. అప్పటికే జరిగిన నష్టాన్ని విషహారిణి వెనక్కు తేలేదు. రాత్రి నేల మీద నిద్రించే వారిని ఈ పాము కరిచినప్పుడు నొప్పి, వాపు పెద్దగా ఉండకపోవడం వల్ల ఆసుపత్రికి వెళ్లడంలో ఆలస్యం జరుగుతుంది. తెల్లవారేసరికి రెప్పలు వాలిపోతూ, మాట ముద్దగా వస్తూ, కడుపునొప్పి అంటున్న మనిషిని కాటు గుర్తు కనబడకపోయినా వెంటనే తీసుకువెళ్లాలి.

ఈ విషాలు విజ్ఞానశాస్త్రానికి మేలు కూడా చేశాయి. 1963లో తైవాన్‌లో చాంగ్, లీ అక్కడి కట్లపాము జాతి విషం నుంచి వేరుచేసిన ఆల్ఫా-బంగరోటాక్సిన్ నికోటినిక్ గ్రాహకాన్ని పట్టుకుంటే దాదాపు వదలదు. దాన్ని గాలంగా వాడి, విద్యుత్ చేపల శరీరం నుంచి గ్రాహకాన్ని శుద్ధి చేయగలిగారు.

మయస్థీనియా గ్రేవిస్ అంటే ఏమిటి?

శరీరపు రక్షణ వ్యవస్థ పొరపాటున తన నికోటినిక్ గ్రాహకాల మీదనే ప్రతిరక్షకాలను తయారు చేసే వ్యాధి ఇది. 1973లో ప్యాట్రిక్, లిండ్‌స్ట్రామ్ విద్యుత్ ఈల్ చేప నుంచి తీసిన గ్రాహకాన్ని కుందేళ్లకు ఎక్కించగా వాటికి ఇటువంటి నీరసమే వచ్చింది. గ్రాహకాల సంఖ్య తగ్గినందున ఉదయం బాగానే ఉన్న కండరాలు వాడే కొద్దీ అలసిపోతాయి. సాయంత్రానికి రెప్పలు వాలడం, ఒకటి రెండుగా కనిపించడం, నమలలేకపోవడం దీని పోకడ. దీనికి ఇచ్చే పిరిడోస్టిగ్మిన్ మాత్రలు చేసే పని, ఎంతో చిన్న మోతాదులో, పురుగుమందు చేసే పనే: ఎసిటైల్‌కోలిన్‌ను ముక్కలు చేసే ఎంజైమును ఆపడం.

నిద్రమాత్రలనూ కల్తీ కల్లునూ హఠాత్తుగా మానితే ఫిట్స్ ఎందుకు వస్తాయి?

ఆల్ప్రజోలం, డయజిపాం వంటివి గాబా-ఎ గ్రాహకంలో గాబా కూర్చొనే చోట కాక మరో చోట కూర్చుంటాయి. అవి ద్వారాన్ని తామై తెరవవు. గాబా వచ్చినప్పుడు ద్వారం మరిన్ని సార్లు తెరుచుకునేట్టు చేస్తాయి. మద్యం కూడా ఈ గ్రాహకాన్ని బలపరుస్తుంది, దానితో పాటు మెదడును ఉత్తేజపరిచే గ్లూటమేట్ గ్రాహకాలను అణుస్తుంది. రెండింటినీ కలిపితే శ్వాస ఆగేంత ప్రమాదం ఉన్నది అందుకే.

ఈ అణచివేత నెలల తరబడి సాగితే మెదడు ఊరుకోదు. గాబా గ్రాహకాల స్పందన తగ్గిపోతుంది, గ్లూటమేట్ గ్రాహకాలు పెరుగుతాయి. త్రాసులో ఒక వైపు బరువు వేస్తే రెండవ వైపు తానే బరువు పెంచుకున్నట్టు. ఒక రోజున మందు ఆగిపోతే ఒక వైపు బరువు పోయి, రెండవ వైపుది మిగులుతుంది. చేతుల వణుకు, చెమట, నిద్ర లేకపోవడం, భ్రమలు, ఫిట్స్ వరుసగా వస్తాయి. తెలంగాణలో కల్లులో ఆల్ప్రజోలం, డయజిపాం, క్లోరల్ హైడ్రేట్ కలపడం ఏళ్లుగా ఉన్న సమస్య. తాగేవారికి తాము ఒక నిద్రమందుకు అలవాటు పడ్డామని తెలియకపోవడం దీనిలోని అన్యాయం. సరఫరా ఆగినప్పుడల్లా, 2020 లాక్‌డౌన్‌లో మరీ ముఖ్యంగా, ఈ లక్షణాలతో హైదరాబాద్ ఎర్రగడ్డలోని మానసిక వైద్యశాలకు వచ్చేవారు పెరిగారు. ఇటువంటి అలవాటు ఉన్నవారు ఒక్కసారిగా మానకూడదు. వైద్యుల పర్యవేక్షణలో మోతాదును మెల్లగా దించాలి.

జ్ఞాపకశక్తికి గ్రాహకాలతో సంబంధముందా? కేసరి పప్పు కాళ్లను ఎందుకు చచ్చుబరుస్తుంది?

ఈ రెండు ప్రశ్నలకూ గ్లూటమేటే జవాబు. దాని గ్రాహకాలలో ఆంపా రకం గ్లూటమేట్ తగలగానే తెరుచుకుంటుంది. ఎన్ఎండిఏ రకం అలా తెరుచుకోదు, ఎందుకంటే దాని సొరంగంలో ఒక మెగ్నీషియం అయాన్ బిరడాలా ఇరుక్కొని ఉంటుంది. కణం ముందే ఉత్తేజితమై ఉంటేనే ఆ బిరడా ఊడుతుంది. అంటే ఇవతలి కణం పలకడం, అవతలి కణం మేల్కొని ఉండడం ఒకేసారి జరిగినప్పుడే కాల్షియం లోపలికి వెళుతుంది. ఆ కాల్షియం అక్కడ మరిన్ని ఆంపా గ్రాహకాలను నిలబెట్టి సంధిని బలపరుస్తుంది. రెండు సంగతులను జతపరిచి గుర్తుంచుకోవడానికి ఇంతకన్నా పొందికైన అణు యంత్రాన్ని ఊహించడం కష్టం. ఇలా సంధులు బలపడి చాలాసేపు నిలుస్తాయని 1973లో బ్లిస్, లోమో కుందేలు మెదడులో చూపించారు.

అయితే ఉత్తేజం అతి అయితే కణం చస్తుంది. కేసరి పప్పును నెలల తరబడి ప్రధానాహారంగా తిన్నవారిలో కాళ్లు బిగుసుకొని చచ్చుబడే లాథిరిజం వ్యాధికి కారణమని భావించే ఓడాప్ అనే పదార్థాన్ని 1964లో బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థలో ఎస్.ఎల్.ఎన్.రావు, పి.ఆర్.అడిగ, పి.ఎస్.శర్మ వేరుచేశారు. వీరిలో రావు ఆ తరువాత ఉస్మానియా విశ్వవిద్యాలయంలో పనిచేశారు. ఓడాప్ గ్లూటమేట్‌ను పోలి ఉండి ఆంపా గ్రాహకాలను ఉత్తేజపరుస్తుంది.

వాంతులకు సూది వేస్తే పిల్లవాడి మెడ, కళ్లు ఒక పక్కకు తిరిగిపోయాయి. ఇది ఫిట్సా?

తరచుగా కాదు. మెటోక్లోప్రమైడ్ డి2 గ్రాహకాలను మూసి వాంతులను ఆపుతుంది, కాని మెదడులో కదలికలను సరిచూసే భాగంలోని డి2 గ్రాహకాలను కూడా మూస్తుంది. అక్కడ డోపమైన్ పట్టు సడలి ఎసిటైల్‌కోలిన్‌ది పైచేయి కావడంతో కండరాలు మెలితిరుగుతాయి. పిల్లవాడికి స్పృహ ఉంటుంది. మస్కారినిక్ గ్రాహకాలను కూడా అడ్డుకొనే ప్రొమెథజీన్ వంటి సూదితో ఇది సాధారణంగా కొద్దిసేపటిలోనే సర్దుకుంటుంది. అయినా నిర్ధారించవలసింది వైద్యులే. డోంపెరిడోన్ కూడా డి2 గ్రాహకాలనే మూసినా మెదడులోకి అంతగా చొరబడదు కనుక దీనితో ఈ ఇబ్బంది తక్కువ.

టీ, కాఫీ నిద్రను ఎలా ఆపుతాయి?

మెలకువగా ఉన్న కొద్దీ మెదడులో అడినోసిన్ పోగవుతూ, తన గ్రాహకాల ద్వారా మగతను పెంచుతుంది. కెఫీన్ ఆ గ్రాహకాలలో కూర్చొని ఏ పనీ చేయకుండా చోటు ఆపుతుంది. అలసట పోలేదు, దాని కబురు మాత్రమే ఆగింది.

మిరపకాయ మంట కూడా ఇటువంటి గ్రాహకమేనా?

దానిని నాడీ ప్రసారకాల గ్రాహకం అనకూడదు. మిరపలోని క్యాప్సైసిన్ పట్టుకొనే టిఆర్‌పివి1 అనేది నొప్పి నాడుల కొసలలో ఉండే అయాన్ ద్వారం. సుమారు 43 డిగ్రీల సెల్సియస్ దాటిన వేడికి కూడా అదే తెరుచుకుంటుంది, గుంటూరు మిరపకాయ కొరికితే నోరు కాలినట్టు అనిపించేది అందుకే. దీనిని గుర్తించిన డేవిడ్ జూలియస్ 2021 నోబెల్ బహుమతి గ్రహీతలలో ఒకరు. అయితే ఆ నాడి వెన్నుపాముకు చేరాక గ్లూటమేట్‌ను, సబ్‌స్టెన్స్-పిని వదులుతుంది, అక్కడి నుంచి కథ మళ్లీ ప్రసారకాల గ్రాహకాలదే. నల్లమందు నుంచి వచ్చే మార్ఫిన్ ఆ సంధి దగ్గరనే, మార్ఫిన్ జాతి పదార్థాలను పట్టుకొనే మ్యూ గ్రాహకాల ద్వారా, ఇవతలి కొసలో కాల్షియం ద్వారాలను మూయించి ప్రసారక విడుదలను తగ్గిస్తుంది, అవతలి కణంలో పొటాషియం ద్వారాలను తెరిపించి దాన్ని అణుస్తుంది. ఇవే మ్యూ గ్రాహకాలు శ్వాసను నడిపే మెదడు భాగంలో కూడా ఉండడం వల్ల మార్ఫిన్ మోతాదు మించితే శ్వాస ఆగుతుంది. ఆ గ్రాహకాల నుంచి మార్ఫిన్‌ను నెట్టివేసే నలోక్సోన్ సూది నిమిషాలలో శ్వాసను తిరిగి తేగలదు, అయితే దాని ప్రభావం చాలాసార్లు మార్ఫిన్ కన్నా ముందే తగ్గిపోతుంది కనుక రోగిని గంటల తరబడి కనిపెట్టి ఉండాలి.